గాలి సంగతీ చెప్పండి

వేసవి వచ్చిందంటే టీవీల్లో ఒకటే అంకె. రామగుండంలో ఇన్ని డిగ్రీలు, రెంటచింతలలో అన్ని డిగ్రీలు అంటూ పందెం పెట్టినట్టు చదువుతారు. అడవి ఏ రోజు తగలబడుతుందో ఆ అంకె సగమే చెబుతుంది. మిగతా సగం గాలిలోని తేమ, గాలి విసురు చెప్పాలి. బులెటిన్లలో వాటి ఊసే తక్కువ.

నల్లమలలో మంటలు రోహిణి కార్తె దాకా ఆగవు. శివరాత్రి దాటితే చాలు, మొదలు. అప్పటికి ఎండలు ముదరవు గానీ టేకు, తునికి ఆకు రాల్చేసి ఉంటాయి, బోద గడ్డి నిలువునా ఎండిపోయి ఉంటుంది. ఇక కావలసింది పొడిగాలే. పొద్దున 20 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి, ఒక్క చుక్క నీరు పోగొట్టుకోకుండానే, మధ్యాహ్నం 40 డిగ్రీలకు వేడెక్కితే ఆ తేమ 20 శాతం లోపుకు దిగిపోతుంది. వేడిగాలికి దాహమెక్కువ. లావుపాటి దుంగ ఎండడానికి వారాలు పడుతుంది. గడ్డిపోచ, ఎండుటాకు మాత్రం గంటా గంటన్నరలో చుట్టూ ఉన్న గాలంత పొడిగా మారతాయి. అందుకే పొద్దున పడి ఆరిపోయిన చుట్టముక్కలాంటిదే మధ్యాహ్నం మూడింటికి కొండను అంటిస్తుంది. మచిలీపట్నం ఉక్కపోతలో మనం అల్లాడిపోతాం, నిజమే. అక్కడి గడ్డికి మాత్రం ఆ ఉక్కే కాపలా.

గాలి విసిరితే కథ మారిపోతుంది. మంట ముందుకు వంగి, ఇంకా అంటుకోని గడ్డిని ముందే ఎండబెడుతుంది. నిప్పురవ్వలు ఎగిరి, మంట ఆపడానికి గడ్డి తీసేసి ఉంచిన ఫైర్ లైన్ దాటేస్తాయి. కొండల్లో అయితే పగటిపూట గాలి లోయలోంచి పైకి ఎగబాకుతుంది, వాలు కూడా మంటను అటే లాగుతుంది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు ఎండుగడ్డి వాలులో మంటల మధ్య చిక్కుకున్నారు. 23 మంది పోయారు. శేషాచలం మంటలు ఆర్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లు దిగింది 2014లో. అదీ మార్చిలోనే, ఎండలు ముదరకముందే.

నిప్పు పెట్టేది దాదాపు ఎప్పుడూ మనిషే. అడవిలో నిప్పు పెట్టడం నేరం కూడా. అయినా పశువుల కాపరి మీదో, ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ల మీదో నెపం నెట్టి ఊరుకోవడం నాకు నచ్చదు. గాలి లేని చల్లటి వేళ చెట్టు కిందే ఆరిపోయే నిప్పు, ఇంకో పూట వందల ఎకరాలు తినేస్తుంది. ఏ పూట ఎలాంటిదో వాళ్లకు చెప్పే నాథుడేడీ?

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలతో మంటల్ని పసిగట్టి ఫోన్లకు కబురు పంపుతోంది. మెచ్చుకోవలసిన పనే. అయితే అది మంట పుట్టాక వచ్చే కబురు. ముందస్తు అంచనాలూ ఉన్నాయి, అవి నల్లమల అంచున మన్ననూరు టీ కొట్టు దగ్గర వినబడాలి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వేలమంది ఈ అడవిలోంచే నడుస్తారు. చెక్‌పోస్టు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టి తేమ ఇంత, గాలి ఇంత, ఈ పూట పొయ్యి వెలిగించకూడదు అని రాయడానికి సుద్దముక్క ఖర్చేగా! ఆ రాసే అంకె మధ్యాహ్నపు అంచనాదై ఉండాలి. పొద్దుటి తేమ చూసి గేటు ఎత్తేస్తే మూడింటికి ఫైర్ వాచర్లు పరుగులు పెట్టాల్సిందే.