ముక్తినాథ్‌కి కొండదారిన... రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి!

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి వేలాది చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. ఆ రోజుని ఉత్తరాంధ్రలో ఎవరూ మర్చిపోలేదు. అయితే ఆ తుఫాను అక్కడితో ఆగలేదన్న సంగతి చాలామందికి తెలియదు. బలహీనపడుతూనే ఉత్తరంగా సాగి, రెండు రోజుల్లో నేపాల్ చేరింది. మన దగ్గర కుండపోతగా కురిసిందే అక్కడ అన్నపూర్ణ పర్వతాల మీద మంచై కురిసింది. అక్టోబరు 14న థొరంగ్ లా అనే కనుమ దగ్గర, ఆ చుట్టుపక్కల కొండల్లో కనీసం 43 మంది చనిపోయారు. విదేశీ ట్రెక్కర్లు, వాళ్ల గైడ్లు, సామాను మోసే పోర్టర్లు, జడలబర్రెల కాపరులు... వందలమందిని హెలికాప్టర్లతో గాలించి కాపాడాల్సివచ్చింది.

అప్పటి సంగతి ఇప్పుడెందుకంటారా? 'హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం' అన్న మాట ఈమధ్య మన ఇళ్లల్లోనూ వినిపిస్తోంది. దసరా, దీపావళి సెలవులు కలిసొస్తాయని అక్టోబరునే ఎంచుకునేవారూ ఉన్నారు. ప్యాకేజీ కాగితం చేతికి రాగానే అందరూ ముందు చూసేది ధర. తర్వాత హోటలు, భోజనం. రోజుల లెక్క చూసేది మాత్రం ఎన్ని తక్కువైతే అంత మంచిదని! నిజానికి ఎత్తైన కొండల్లో ప్రాణం కాపాడేది ఆ రోజుల లెక్కే.

అటు నుంచే ఎందుకు?

ముక్తినాథ్ మనవాళ్లకు కొత్త కాదు. 108 దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రంగా శ్రీవైష్ణవులు కొలిచే చోటు. బౌద్ధులకూ పవిత్రమే. ఎక్కువమంది పొఖరా నుంచి జోమ్‌సోమ్ దాకా చిన్న విమానంలోనో, జీపులోనో వెళ్లి దర్శనం చేసుకుని వస్తారు. ట్రెక్కర్ల దారి వేరు. అన్నపూర్ణ శ్రేణికి తూర్పున ఉన్న బెసిసహర్ దగ్గర మొదలుపెట్టి, మార్సయాంగ్‌డీ నది వెంబడి మనాంగ్ దాకా వెళ్లి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరంగ్ లా దాటి, అవతల ముక్తినాథ్‌లో దిగుతారు. టిబెటన్ భాషలో 'లా' అంటే కనుమ. అడుగుల్లో చెప్పాలంటే దాదాపు 17,800. మన తిరుమల కొండకి ఆరు రెట్లు! అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో సగమే. ఎంత గట్టిగా పీల్చినా అందే ఆక్సిజన్ సగమేనన్నమాట.

'ముక్తినాథ్‌కి జీపులో వెళ్లి, అక్కణ్నుంచే కనుమ ఎక్కొచ్చుగా' అనిపిస్తుంది. ముక్తినాథ్ ఎత్తు 3,800 మీటర్లు. అంటే ఆ వైపు నుంచి ఒక్కరోజులో 1,600 మీటర్లు ఎక్కాలి. మనాంగ్ వైపు నుంచైతే కొంచెం కొంచెంగా, రాత్రికో మజిలీ చేస్తూ ఎక్కొచ్చు. అందుకే ఎక్కువమంది అటు నుంచే బయల్దేరతారు.

ఎక్కడ పడుకుంటామన్నదే లెక్క

మూడు వేల మీటర్లు దాటాక ఒక సూత్రం ఉంది. నిన్న రాత్రి పడుకున్న ఎత్తు కంటే ఈ రాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి పైకి వెళ్లకుండా అక్కడే ఇంకో రాత్రి ఉండాలి. పగలు పైకెక్కి రావచ్చు, రాత్రికి మాత్రం కిందికి దిగి పడుకోవాలి.

ఈ సూత్రాన్ని మన దారికి పెట్టి చూద్దాం. చామే 2,670 మీటర్లు. పిసాంగ్ 3,200. మనాంగ్ 3,500. అక్కడ రెండు రాత్రులు. తర్వాత యాక్ ఖర్కా 4,000. థొరంగ్ ఫేదీ 4,500. మర్నాడు చీకటితోనే లేచి, ఎండెక్కి గాలులు మొదలుకాకముందే కనుమ దాటి, సాయంత్రానికి ముక్తినాథ్. కాఠ్‌మాండూ చేరిన రోజు నుంచి తిరిగి ఇంటికొచ్చేదాకా 12 రోజుల పని.

దీన్నే తొమ్మిది, పది రోజుల్లో ముగించే ప్యాకేజీలూ ఉంటాయి. ఎక్కడ తగ్గిస్తారు? ఇప్పుడు మనాంగ్ దాకా జీపు రోడ్డు ఉంది. ఎక్కి కూర్చుంటే ఒకటి రెండు రోజుల్లో 3,500 మీటర్లకు చేర్చేస్తుంది. మనాంగ్‌లో రెండో రాత్రి ఎగిరిపోతుంది. యాక్ ఖర్కా నుంచి థొరంగ్ ఫేదీలో ఆగకుండా తిన్నగా 4,880 మీటర్ల హైక్యాంప్‌కి ఎక్కించేస్తారు. కాగితం మీద చూస్తే మిగిలింది రెండు మూడు రోజులు. అవి శరీరం పల్చటి గాలికి అలవాటు పడేందుకు కావాల్సిన రోజులు!

'అలిపిరి మెట్లన్నీ ఆగకుండా ఎక్కేశాను, నాకేమవుతుంది' అనుకోవద్దు. దమ్ము వేరు, ఎత్తుకి అలవాటు పడటం వేరు. రోజూ జిమ్‌కి వెళ్లే పాతికేళ్ల కుర్రాడు పడిపోవచ్చు, నిదానంగా నడిచే యాభై ఏళ్ల పెద్దాయన సుఖంగా దాటొచ్చు. కుర్రాళ్లకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఓపిక ఉంది కదాని తొందరగా ఎక్కేస్తారు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం... ఇవి ఆల్టిట్యూడ్ సిక్‌నెస్‌కి తొలి గుర్తులు. ఇవి ఉండగా ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. గీత మీద అడుగు వెనక అడుగు వేయమంటే తూలిపోతున్నా, మాట తికమకగా ఉన్నా మెదడు వాచినట్టు. అప్పుడిక తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. అర్ధరాత్రయినా కిందికి దిగాల్సిందే. డయామాక్స్ లాంటి మాత్రలు వాడొచ్చా లేదా అన్నది ఇంటి దగ్గరే డాక్టరుని అడగండి. ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు. మనాంగ్‌లో సీజన్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ నడుస్తుంది. అక్కడి డాక్టర్లు ఈ జబ్బు గురించి ట్రెక్కర్లకు చెబుతారు. ఆ గంటసేపు తప్పకుండా వెళ్లి కూర్చోండి.

గైడ్‌ని ఏమడగాలి?

విదేశీ ట్రెక్కర్ల వెంట లైసెన్సున్న గైడ్ ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ నిబంధన పెట్టింది. నిబంధన ఉన్నా లేకున్నా ఈ దారికి గైడ్ అవసరమే. డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి.

ఒకటి: మాలో ఒకరికి బాగోకపోతే వాళ్లతో కిందికి ఎవరు దిగుతారు? ఎనిమిది మందికి ఒక్కడే గైడ్ అయితే దీనికి జవాబుండదు. మిగతా ఏడుగురినీ వెనక్కి తిప్పాలి, లేదా జబ్బు మనిషిని పోర్టరుతో పంపాలి.

రెండు: వాతావరణం బాగోక ఒక రోజు ఆగితే ఆ ఖర్చు ఎవరిది? ముందే తేల్చుకోకపోతే సరిగ్గా ఆగాల్సిన రోజున కొండ మీద బేరాలు మొదలవుతాయి.

మూడు: పోర్టరు ఎంత బరువు మోస్తాడు? అతనికి వెచ్చని కోటు, బూట్లు, బీమా ఉన్నాయా? ఆ 43 మందిలో వాళ్లూ ఉన్నారు. చలి అందరికీ ఒక్కటే.

నాలుగు: కనుమ దాటకుండా ఎప్పుడైనా గ్రూపుని వెనక్కి తీసుకొచ్చారా? ఎందుకు? 'అబ్బే, మా చరిత్రలోనే లేదండీ' అని గర్వంగా చెబితే కాస్త ఆలోచించండి. వెనక్కి తిప్పడం తెలిసిన మనిషే మంచి గైడ్.

మనవైపు నుంచీ ఒక బాధ్యత ఉంది. 'కనుమ దాటిస్తే ఇంత బహుమానం ఇస్తాం' అని గైడ్‌కి ముందే ఆశ పెట్టకండి. దాటినా దాటకపోయినా ఇచ్చేది ఇస్తామని చెప్పండి. అప్పుడే 'ఈరోజు వద్దు సార్' అనే ధైర్యం అతనికి ఉంటుంది.

బీమా పాలసీ కూడా చదవండి. చాలా పాలసీలు ఫలానా ఎత్తు వరకే అని గీత గీస్తాయి. 5,416 మీటర్లు, హెలికాప్టర్ ఖర్చు రెండూ అందులో ఉండాలి. అవసరం లేకున్నా హెలికాప్టర్ పిలిపించి బీమా డబ్బు పంచుకుంటున్నారన్న ఆరోపణలపై 2018లో నేపాల్ ప్రభుత్వం విచారణ జరిపించింది కూడా. అందుకే హెలికాప్టర్ ఎప్పుడు పిలవాలో, ఎవరు నిర్ణయించాలో ముందే మాట్లాడుకోవడం మేలు.

అక్టోబరు మనకు తెలిసిన నెలే

వానాకాలం వెళ్లిపోయి, ఆకాశం అద్దంలా ఉండి, కొండలన్నీ కళ్లముందు నిలబడే నెల కాబట్టి అక్టోబరు అక్కడ మంచి సీజన్. మనకైతే అది తుఫాన్ల నెల! తీరప్రాంతంలో పుట్టిన ఎవర్నడిగినా చెబుతారు. 2014లో తుఫాను వస్తోందని మన తీరమంతా ముందే తెలుసు. అదే కబురు కొండ మీద నడుస్తున్న చాలామందికి అందలేదు. కనుమ మీది చిన్న టీ కొట్టులో తలదాచుకున్నవాళ్లున్నారు. దిగిపోదామని బయల్దేరి, తెల్లటి మంచులో దారి కానరాక కూలిపోయినవాళ్లున్నారు.

కాబట్టి మనాంగ్ చేరాక కొండ మీది ఆకాశం చూస్తే చాలదు. బంగాళాఖాతం సంగతి కూడా కనుక్కోవాలి. ఇది ఇంటి దగ్గరున్నవాళ్లు చేయగల పని. మనాంగ్‌లో ఫోను అందుతుంది. రోజూ వాతావరణ శాఖ బులెటిన్ చూసి, అల్పపీడనమన్న మాట వినబడితే మెసేజ్ పెట్టే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. 'తిన్నావా, పడుకున్నావా' అన్నదానితో పాటు ఇదొకటి.

ఇంటి దగ్గర మూడు నెలలు

వీపున ఆరేడు కిలోల సంచితో మెట్లెక్కడం మొదలుపెట్టండి. దిగడం కూడా సాధన చేయాలి. కనుమ దాటిన రోజున మోకాళ్ల మీద 1,600 మీటర్ల దిగుడు ఉంది. బూట్లు కొత్తవి కొనుక్కుని నేరుగా వెళ్లొద్దు, నెల రోజులు తొడిగి తిరగండి. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ ఉంటే చాలు.

అమ్మానాన్నల్ని ముక్తినాథ్‌కి రమ్మందామనుకుంటే మంచి ఆలోచనే. వాళ్లు పొఖరా మీదుగా జీపులో రావచ్చు. అయితే వాళ్లకీ 3,800 మీటర్లు ఎక్కువ ఎత్తే. డాక్టరు సరేనన్నాకే బయల్దేరాలి. 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఉండి, మర్నాడు పైకి రావాలి.

ఇక ఆఫీసులో సెలవు. పని 12 రోజులది, చీటీలో 14 రాయండి. ఒకటి కనుమకి ఇవతల ఆగాల్సివస్తే. రెండోది తిరుగుదారిలో కొండచరియలు విరిగిపడితేనో, జోమ్‌సోమ్ విమానం రద్దయితేనో. రెండూ మిగిలిపోతే పొఖరాలో సరస్సు ఒడ్డున హాయిగా కూర్చోవచ్చు. మిగలకపోతే, అవి ఎందుకు పెట్టుకున్నామో ఆ రోజే తెలుస్తుంది. గైడ్ వద్దన్నాడా, తిరిగొచ్చేయండి. ముక్తినాథుడు ఎక్కడికీ పోడు. వచ్చే ఏడాదీ అక్కడే ఉంటాడు. మనం ఉండాలి కదా!