దెయ్యాల పుస్తకాలు చదవవచ్చునా?

దెయ్యాల కథలు, భయానక నవలలు పిల్లలు చదవకూడదని చాలామంది పెద్దలు అంటారు. చదివితే పీడకలలు వస్తాయనీ, మూఢనమ్మకాలు పెరుగుతాయనీ వారి ఆందోళన. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని వద్దన్న పుస్తకాన్నే పాఠ్యపుస్తకం మధ్యలో దాచుకుని చదవడం విద్యార్థిలోకంలో ఎప్పుడూ ఉన్నదే గదా! అందుచేత చదవాలా, వద్దా అన్నదానికంటె, ఎలా చదవాలి అన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. ఇటీవల నేను చదివిన నాలుగు పుస్తకాలను తీసుకుని ఆ సంగతి చూద్దాం.

ముందుగా ఒక మాట. కథలో దెయ్యం ఉన్నంత మాత్రాన అది చెడ్డ కథ కాదు. దాసరి సుబ్రహ్మణ్యంగారు 'చందమామ'లో ఏళ్ల తరబడి రాసిన సీరియళ్ల నిండా మాంత్రికులూ, రాక్షసులే. అయినా వాటిని చదివి ఎవరూ మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ పోలేదు. 'ఇది కథ సుమా' అని ఆ కథే మనకు మొదటి నుంచీ చెబుతూ ఉంటుంది. రచయితకూ పాఠకుడికీ మధ్య అదొక ఒప్పందం.

ఇక మొదటి పుస్తకం మేరీ షెల్లీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్'. ఇది 1818లో ఇంగ్లండులో వెలువడింది. రాయడం మొదలుపెట్టేనాటికి ఆమె వయస్సు 18 ఏళ్లు. అంటే మీకంటె నాలుగైదేళ్లు పెద్ద, అంతే! ఈ నవల పుట్టుక వెనుక ఒక అగ్నిపర్వతం ఉంది. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా బద్దలైంది. అది వెదజల్లిన గంధక వాయువుల వల్ల ఆకాశంలో సన్నని తెర ఏర్పడి సూర్యరశ్మిని అడ్డుకున్నది. మరుసటి సంవత్సరం యూరప్‌లో వేసవి సరిగా రానేలేదు. జెనీవా సరస్సు ఒడ్డున విడిది చేసిన మేరీ, ఆమె మిత్రులు వానలకు బయటికి కదలలేక, తలా ఒక దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు.

అప్పటికే ఇటలీలో గాల్వానీ, చచ్చిన కప్ప కాళ్లు విద్యుత్తుతో కదలడం చూపించి ఉన్నాడు. ఆయన మేనల్లుడు ఆల్డినీ 1803లో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవం గుండా విద్యుత్తు పంపితే దవడ అదిరింది, ఒక కన్ను తెరుచుకున్నది. విద్యుత్తే ప్రాణమా అని ఆనాటి పండితులు వాదించుకునేవారు. ఆ వాదనలోనుంచే విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే విద్యార్థి, అతడు ప్రాణం పోసిన వికృతరూపం పుట్టుకొచ్చారు. ఆ రూపానికి నవలలో పేరే లేదు. నన్ను భయపెట్టింది ఆ రూపం కాదు. తాను చేసినదాన్ని చూసి విక్టర్ పారిపోవడం. ప్రయోగం చేసినవాడు ఫలితానికి బాధ్యత వహించకపోతే ఏమవుతుందో ఈ నవల చెప్పినంత గట్టిగా మరొకటి చెప్పలేదని నా అభిప్రాయం.

రెండవది హెచ్. జి. వెల్స్ రాసిన 'అదృశ్య మానవుడు' (1897). గ్రిఫిన్ అనే శాస్త్రజ్ఞుడు తన శరీరం కనబడకుండా చేసుకుంటాడు. వెల్స్ ఇక్కడ మంత్రం చదవడు. వక్రీభవనం గురించి చెబుతాడు. గాజు వక్రీభవన గుణకం, దాని చుట్టూ ఉన్న ద్రవం వక్రీభవన గుణకం ఒకటే అయితే గాజు కనబడదు. మీ పాఠశాల ప్రయోగశాలలో బోరోసిలికేట్ గాజుకడ్డీని గ్లిజరిన్‌లో ముంచి చూడండి. మునిగిన భాగం మాయమైనట్లే ఉంటుంది! అయితే శరీరమంతా అలా మారితే కంటిలోని కటకం కాంతిని వంచలేదు, నేత్రపటలం కాంతిని పీల్చుకోలేదు. కనుక ఎవరికీ కనబడని మనిషికి తనకూ ఏమీ కనబడదు. ఈ లోపాన్ని రష్యన్ రచయిత పెరెల్మాన్ 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' పుస్తకంలో చక్కగా వివరించాడు. లోపం దొరికినంత మాత్రాన నవల రుచి తగ్గలేదు. ప్రశ్న వేయడానికి వీలిచ్చే కథ కనుకనే లోపం దొరికింది.

మూడవది బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాకులా' (1897). డైరీలు, ఉత్తరాలు, తంతి వార్తలతో కథ నడపడం బాగుంది. చివరి భాగంలో వెంటాడే ఘట్టాలు మాత్రం సాగదీసినట్లు తోచాయి. ఇందులో లూసీ అనే యువతికి నలుగురు మగవారి రక్తం ఒకరి తరువాత ఒకరిది ఎక్కిస్తారు. ఎవరూ గ్రూపు చూడరు. చూడలేరు కూడా! రక్తపు గ్రూపుల సంగతి లాండ్‌స్టైనర్ ప్రకటించింది 1901లో. ఈనాటి విద్యార్థికి ఆ ఘట్టంలో డ్రాకులాకంటె వైద్యుడే ఎక్కువ భయం కలిగిస్తాడు!

రక్తపిశాచి నమ్మకానికి రేబీస్ వ్యాధి ఒక మూలం కావచ్చునని 1998లో గోమెజ్ అలోన్సో అనే స్పెయిన్ నాడీవైద్యుడు రాశాడు. కాటు వల్ల వ్యాపించడం, నిద్ర లేకపోవడం, వెలుతురునూ ఘాటైన వాసనలనూ సహించలేకపోవడం రెండింటిలోనూ ఉన్నాయి. ఇది ఊహే, నిరూపణ కాదు. కాని రేబీస్ మాత్రం ఊహ కాదు. లక్షణాలు బయటపడిన తరువాత రోగి బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకుంటే ప్రాణం నిలుస్తుంది. మంత్రం వేయించి కూర్చుంటే నిలవదు.

నాలుగవది మన తెలుగు నవల, యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. 1980ల తొలి సంవత్సరాలలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి రాష్ట్రాన్ని ఊపివేసింది. పెద్దల కోసం రాసిన నవలే అయినా హైస్కూలు పిల్లలు చదవకుండా ఉండలేదు. తులసి అనే పసిపిల్ల మీద చేతబడి జరగడం, ఆమెను కాపాడుకోవడానికి పెనుగులాట ఇందులోని కథ. ఉత్కంఠ కలిగించడంలో ఈ రచయితకు సాటి రాగలవారు తక్కువ. పుస్తకం పట్టుకుంటే దించబుద్ధి కాదు. ఆ మెచ్చుకోలు ఇవ్వవలసిందే.

కాని నా అభ్యంతరం కూడా ఇక్కడే. ఒక పక్క వైద్యం, హిప్నాటిజం. మరో పక్క మంత్రతంత్రాలు. రెండింటినీ రచయిత ఒకే తూకంలో తూస్తాడు. ఏది నిజమో మీరే తేల్చుకోండి అన్నట్లు వదిలేస్తాడు. చందమామ కథలోని ఒప్పందం ఇక్కడ లేదు. ఇలాంటి నవలలను ఆ రోజుల్లో విమర్శకులు 'క్షుద్ర సాహిత్యం' అన్నారు. నేను అంత మాట అనను. అయితే ప్రయోగానికి నిలిచేదానికీ, నిలవనిదానికీ సమానమైన కుర్చీ వేయడం న్యాయం కాదంటాను.

'శాస్త్రానికి తెలియనివి ఉన్నాయి కదా' అని కొందరు వాదిస్తారు. ఉన్నాయి. మా చిట్టమూరుకు పులికాట్ సరస్సు ఉత్తరపు కొస ఎంతో దూరం కాదు. చీకటి రాత్రి బురదనేలల మీద వెలుగు కదిలితే కొరివిదెయ్యం అనడం మన ఊళ్లలో పాత మాట. కుళ్లిన మొక్కల నుంచి వచ్చే మీథేన్ వంటి వాయువులు మండడమే దానికి కారణమని చాలాకాలంగా చెబుతున్నారు. ఆ వాయువు తనంతట తాను ఎలా అంటుకుంటుంది అన్నదానికి అందరూ ఒప్పుకున్న జవాబు నేటికీ లేదు. జవాబు లేదు కనుక అది దెయ్యమే అనవచ్చునా? అనకూడదు. జవాబు లేకపోతే ఇంకా వెతకాలి. ఇదే తీరంలోని శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు లేచింది. వెతకడం మానుకున్నవారు దానిని లేపలేరు గదా!

ఇదంతా కాలక్షేపపు చర్చ కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలుగు పత్రికలలో ఎన్నోసార్లు వచ్చాయి. వారిలో నిరుపేదలు, వృద్ధులు, ఒంటరి స్త్రీలు ఉన్నారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాలకు వ్యతిరేకంగా చట్టాలు చేయవలసి వచ్చింది. నవల చదివి ఎవరో హత్య చేశారని నేను అనడం లేదు. ఇంట్లో పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే పొరుగింటి ముసలమ్మ వైపు అనుమానంగా చూసే అలవాటు మన ఊళ్లలో ముందే ఉన్నది. దానికి బలం చేకూర్చే పుస్తకాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలంటున్నాను.

కనుక మిత్రులారా! భయానక కథలు చదవండి. చదివి పుస్తకం మూసిన తరువాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కథ నన్ను ఊహించమంటున్నదా, నమ్మమంటున్నదా? ఇందులో నేను ప్రయోగం చేసి చూడగలిగినది ఏదైనా ఉన్నదా? దీనిని నిజమని నమ్మితే మా ఊళ్లో ఎవరికి కీడు జరుగుతుంది? మూడవ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి ముఖం మీ కళ్ల ముందు మెదిలితే, ఆ పుస్తకాన్ని మీ సైన్సు ఉపాధ్యాయుని దగ్గరకు తీసుకువెళ్లి తరగతిలో అందరి ముందూ చర్చకు పెట్టండి.

— ఒక పాఠకుడు, చిట్టమూరు