ఫీడర్లను కలిపే కొత్త పరికరం: పాతబస్తీకి సరే, బోరు మోటారుకు మేలెంత?

హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో ఒక 11 కేవీ ఫీడర్ చెడిపోతే, సిబ్బంది స్విచ్ వేసి పక్క ఫీడర్ నుంచి కరెంటు మళ్లిస్తారు. ఊళ్లో లైన్‌మన్ ఏబీ స్విచ్‌తో చేసేదీ ఇదే. మామూలు రోజుల్లో ఆ స్విచ్ తెరిచే ఉంటుంది. ఒక ఫీడర్ భారంతో కుంగుతున్నా, పక్కదానిలో ఉన్న మిగులు అక్కరకు రాదు.

పరికరం ఏం చేస్తుంది?

ఆ స్విచ్ బదులు పెట్టేదే 'సాఫ్ట్ ఓపెన్ పాయింట్' అనే పవర్ ఎలక్ట్రానిక్ పరికరం. ఒక ఫీడర్ ఏసీ కరెంటును డీసీగా, తిరిగి ఏసీగా మార్చి రెండో ఫీడర్‌కు కావలసినంతే పంపుతుంది, ఓల్టేజీని నిలబెడుతుంది. ఒకవైపు షార్ట్ అయినా రెండోవైపు పాకనివ్వదు. లండన్, బ్రైటన్ నగరాల్లో దీన్ని ప్రయోగించి చూశారు. ఇలా ఏసీని డీసీగా మార్చి కలపడం మనకూ తెలిసిందే. విశాఖ గాజువాకలో 1999లో 500 మెగావాట్లతో, 2005లో మరో 500 మెగావాట్లతో తూర్పు, దక్షిణ గ్రిడ్‌లను ఇలాగే కలిపారు.

రైతుకు లాభమెక్కడ?

పాతబస్తీ బజార్లలో దీపాలు రాత్రి పొద్దుపోయేదాకా వెలుగుతాయి. బోరు మోటార్లు ఎక్కువగా పగలు నడుస్తాయి. పాతబస్తీకీ, రంగారెడ్డి జిల్లా పల్లెలకూ కరెంటు ఇచ్చేది ఒకే సంస్థ, దక్షిణ డిస్కం. నగర శివార్లలో ఇలా వేర్వేరు వేళల్లో భారం పడే ఫీడర్లు పక్కపక్కన ఉంటే, ఒకదాని మిగులు రెండోదానికి ఆసరా అవుతుంది. పీఎం కుసుమ్ కింద సోలార్ పెట్టిన ఫీడర్‌లో మధ్యాహ్నం మిగిలే కరెంటునూ పక్క ఫీడర్‌కు మళ్లించవచ్చు.

అయితే ఇది కరెంటును పుట్టించదు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌పై మోతాదుకు మించి మోటార్లుంటే, లేదా తీగ సన్నగా ఉండి పొలం దూరమైతే, పైన 11 కేవీ లైన్‌లో ఏ పరికరం పెట్టినా మోటారు కాలడం ఆగదు. పైగా ఇది ఖరీదైనది. కాబట్టి ముందు ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు, ఆ తర్వాతే ఇలాంటి పరికరాలు అని రైతులు అడగాలి. డిస్కంల ఖర్చు ప్రతిపాదనలపై విద్యుత్ నియంత్రణ మండలి జరిపే బహిరంగ విచారణలో ఈ మాట రాతపూర్వకంగా ఇవ్వవచ్చు.

ఇప్పుడే చేయవలసినవి

• మోటారుకు కెపాసిటర్ బిగించుకోవాలి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సరిపోతుంది.
• ఆటో స్టార్టర్ తీసేయాలి. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు.
• లో ఓల్టేజీ ఉంటే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా కలిసి ఏఈకి అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి.
• ఫ్యూజు పోతే మీరు వేయకండి. ఒకవైపు ఆపినా పక్క ఫీడర్ నుంచి కరెంటు రావచ్చు. ఫీడర్లను ఎప్పుడూ కలిపి ఉంచే రోజులొస్తే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మడి ఒక పూట ఎండినా ఫర్వాలేదు, లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి.