అరకు అతిథి గదులు: రాబడి ఒకరికి, పన్ను మరొకరికా?

అరకులోయ: మంచు పట్టే రోజులు వచ్చాయంటే అరకు, అనంతగిరి, లంబసింగి దారుల్లో కార్లు బారులు తీరుతాయి. హోటళ్ళు నిండిపోయాక యాత్రికులు ఇళ్ళలో గదుల కోసం వెతుక్కుంటారు. కాఫీ, మిరియాల మీద వచ్చే చాలీచాలని రాబడికి తోడుగా ఒకటి రెండు గదులు వేసి అద్దెకిస్తున్న కుటుంబాలు పెరిగాయి. అయితే పన్నుల సంగతి చాలామందికి తెలియదు. కొందరు అనవసరంగా భయపడుతుంటే, భయపడవలసినవారు నిశ్చింతగా ఉన్నారు.

గిరిజనులకు ఆదాయపు పన్నే లేదన్న మాట ఇక్కడ వాడుకలో ఉంది. అది నిజం కాదు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల నిర్ణీత ప్రాంతాలకు, లడఖ్‌కు మాత్రమే. వ్యవసాయ రాబడికి పన్ను లేని మాట వాస్తవమే గాని, గది అద్దె వ్యవసాయ రాబడి కిందకు రాదు.

అయినా చిన్నవారికి బెంగ అక్కరలేదు. రెండు గదులు, గదికి రోజుకు 1,500 రూపాయలు, ఏడాదికి 60 రాత్రులు నిండాయనుకుంటే వచ్చేది 1,80,000 రూపాయలు. భోజనం, పక్కబట్టలు, పనిమనుషులతో నడిపితే అది వ్యాపారం. లెక్కల పుస్తకం లేకపోయినా రాబడిలో 8 శాతం, అంటే 14,400 రూపాయలు లాభంగా చూపవచ్చు. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను పడదు. మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే మాత్రం రిటర్ను వేయాలి.

జీఎస్టీ రిజిస్ట్రేషను ఏడాది రాబడి 20 లక్షలు దాటినవారికే. 7,500 రూపాయల లోపు గదిపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. యాప్ ద్వారా వచ్చిన అతిథి నుంచి, యజమానికి రిజిస్ట్రేషను లేకపోతే, ఆ పన్ను వసూలు చేసి కట్టే బాధ్యత యాప్ కంపెనీదే. నేరుగా వచ్చిన అతిథి దగ్గర రిజిస్ట్రేషను లేని యజమాని జీఎస్టీ పేరుతో పైసా తీసుకోరాదు. పాన్ కార్డు ఇవ్వడం మాత్రం మరువరాదు. ఇవ్వకపోతే కంపెనీ 5 శాతం మినహాయించుకుంటుంది. పై లెక్కలో అది 9,000 రూపాయలు. పంచాయతీ ఇంటి పన్ను ఎటూ ఉన్నదే.

అసలు చిక్కు వేరొకచోట ఉంది. 1970 నాటి భూ బదలాయింపు నిబంధన ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చెల్లదు. అమ్మకమే కాదు, లీజు, తనఖా కూడా చెల్లవు. అందుకని గిరిజనుడి పేరు పెట్టుకొని బయటివారు రిసార్టులు కడుతున్నారన్న ఆరోపణలు ఏళ్ళ తరబడి వినవస్తున్నాయి.

పది గదులు, 3,000 అద్దె, 150 రాత్రులు అనుకుంటే రాబడి 45 లక్షలు. పేరున్న గిరిజనుడికి ముట్టేది ఏ యాభై వేలో కావచ్చు. ప్రభుత్వ రికార్డుల్లో మాత్రం 45 లక్షలూ ఆయనవే. జీఎస్టీ రిటర్నులు వేయకపోతే ఆలస్య రుసుము ఆయన పేరనే పడుతుంది, నోటీసూ ఆయన గుమ్మానికే వస్తుంది. ఆయన పేర ఆదాయపు పన్ను కట్టి ఉంటే మరుసటి ఏడాది ఆ కుటుంబానికి పీఎం కిసాన్ సాయం ఆగిపోతుంది. బినామీ అని తేలితే 1988 చట్టానికి 2016లో తెచ్చిన సవరణ ప్రకారం ఆస్తి జప్తు అవుతుంది, ఏడేళ్ళ దాకా జైలు కూడా పడవచ్చు. శిక్ష పెట్టుబడిదారుకే కాదు, పేరు ఇచ్చినవాడికీ ఉంది. ఈ సంగతి సంతకం చేయించుకునేటప్పుడు ఎవరు చెబుతారు!

పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఇతరుల చేతిలో పెట్టినవారు ముందుగా వాటిని వెనక్కు తెచ్చుకోవాలి. ఏ పాన్ కింద ఎంత రాబడి నమోదైందో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులోని వార్షిక సమాచార పట్టికలో కనిపిస్తుంది. ఆధార్‌కు కలిపిన ఫోను వెంట తీసుకెళితే మండల కేంద్రంలోని నెట్ సెంటరులో దాన్ని చూసుకోవచ్చు.