మన చాకుకు మనమే బేరమాడతామా?

తిరుపతి వీధుల్లో మన బుట్టను చేతిలోకి తీసుకుని ‘సగానికి ఇస్తావా’ అని అడిగితే మనకు ఒళ్లు మండుతుంది. వెదురు మోసింది, దబ్బలు తీసింది, వేళ్లు కోసుకుంది ఆ మనిషి కంటికి కనబడలేదని బాధపడతాం. ఆ బాధ న్యాయమైనదే.

మరి అదే వారం సంతలో కమ్మరి ముందు మనమేం చేస్తున్నాం? మడత చాకుకు రెండొందలు చెబితే ‘నూరుకిస్తావా’ అంటున్నాం. ఇవ్వనంటే టౌనుకు పోయి, అట్ట మీద అచ్చేసిన ధర పైసా తగ్గకుండా కట్టి ఫ్యాక్టరీ చాకు తెచ్చుకుంటున్నాం. అచ్చేసిన ధర ముందు నోరు మూసుకుంటాం, మనిషి చెప్పిన ధర ముందు నోరు తెరుస్తాం. ఈ జబ్బు మనకూ ఉందని ముందు ఒప్పుకుందాం.

కమ్మరి చెప్పిన ధరలో ఏముంది? పాత లారీ కమాను పట్టీ ముక్క ఉంది, బొగ్గులు ఉన్నాయి. తిత్తి ఊదే ఒకరి చెయ్యి, సమ్మెట కొట్టే ఇంకొకరి భుజం ఉన్నాయి. ఎర్రగా కాలిన ఇనుమును ఎప్పుడు నీళ్లలో ముంచాలో రంగు చూసి చెప్పే కన్ను ఉంది. ఊరి కమ్మరే కాదు, రాజస్థాన్ నుంచి వచ్చి రోడ్ల పక్కన గుడారాలేసుకుని కొడవళ్లు, గొడ్డళ్లు కొట్టే గాడియా లోహార్లదీ ఇదే కష్టం. ఊరూరా తిరిగే బతుకు ఎలాంటిదో ఎరుకలకు, యానాదులకు ఒకరు చెప్పాలా?

‘ఫ్యాక్టరీది చౌక కదా సార్’ అని మా పిల్లలే అంటారు. రివిటు వదులైతే దాన్ని బాగుచేసేదెవరు? అది చెత్తకుప్పకే పోతుంది. కమ్మరి చాకైతే వచ్చే సంతకు తీసుకుపోతే బిగించి, సాన పట్టి ఇస్తాడు. పదేళ్ల లెక్క వేస్తే ఏది చౌకో తెలుస్తుంది.

చేత్తో చేసిందల్లా గొప్పదని మేమనం. చూసి కొనాలి. తెరిచి అటూ ఇటూ కదిపితే అలుగు ఊగకూడదు. మూసినప్పుడు అంచు పిడి బయటికి రాకూడదు. పిడి మీద రివిటు వేలికి గీరుకోకూడదు. తప్పుంటే సరిచేసి ఇమ్మని అడగండి, అది మీ హక్కు. ధర కొయ్యడం హక్కు కాదు.

ఇక రెండో సాకు సిగ్గు. చాకు దగ్గరుంటే దొంగనుకుంటారని మన యువకుల భయం. ఆ భయం ఊరికే రాలేదు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం చేశారు. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. పుట్టుకతోనే ఎరుకలను నేరస్తులన్నారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. అది వేసిన ముద్ర మాత్రం మన గుండెల్లో నుంచి పోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని సేకరించుకునే హక్కును గుర్తించింది. వెదురు మనదైతే దాన్ని పళ్లతో కొరకాలా? కత్తి మన పనిముట్టు. బడికి తెచ్చేది కాదు, అలిపిరి తనిఖీ దాటించేదీ కాదు. పనిచోట మాత్రం దాన్ని దాచుకోవలసిన పని లేదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, బుట్టలల్లేవాళ్లూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తామన్నారు. బుట్టలల్లేవారి కత్తి పక్కూరి కొలిమి నుంచే రావాలని మనం ఎందుకు అడగకూడదు?

ఉపాధ్యాయ మిత్రులారా, ఒక్కరోజు పిల్లలను కొలిమి దగ్గరికి తీసుకుపోండి. ఇనుము వేడికి ఎలా మెత్తబడుతుందో పుస్తకంలో కన్నా అక్కడ బాగా అర్థమవుతుంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈసారి సంతలో చాకు కొనేటప్పుడు చేసినవాళ్లను ‘అన్నా’ అనో ‘అక్కా’ అనో పిలవండి. పేరడగండి. చెప్పిన ధర ఇవ్వండి. మన బుట్టకు న్యాయమైన ధర అడిగే నోరు మనకు అప్పుడే ఉంటుంది.