పిడికిలి విప్పాలంటే కరెంటు ఒక్కటే చాలదు

సూరత్ వాసులకు సెలవు రోజు సాయంత్రమంటే డుమస్ తీరం గుర్తొస్తుంది. నల్లటి ఇసుక, వేడివేడి టమాటా బజ్జీలు. పక్షవాతం నుంచి కొంత కోలుకున్న మనిషికి బజ్జీని పట్టుకోవడం కన్నా, దాన్ని అందుకోవడానికి వేళ్లు తెరవడమే కష్టం. మెదడు అదుపు తప్పితే చేతిని ముడిచే కండరాలు బిగుసుకుంటాయి, తెరిచే కండరాలు బలహీనపడతాయి. తెలంగాణ నుంచి సూరత్ వెళ్లి మర మగ్గాల మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు ఎన్నో. తెగిన పోగును ముడివేయలేని చేతికి అక్కడ కూలి పుట్టదు.

విద్యుత్ ప్రేరణ పనికొచ్చేది ఇక్కడే. ముంజేతి వెనుక జిగురు ప్యాడ్లు అంటించి, సెకనుకు సుమారు 20 నుంచి 50 విద్యుత్ స్పందనలు పంపితే మణికట్టు లేచి వేళ్లు విచ్చుకుంటాయి. కరెంటు నేరుగా కండరాన్ని కుదుపుతుందనుకుంటారు చాలామంది. నిజానికి అది కండరానికి వెళ్లే నాడిని ఉత్తేజపరుస్తుంది; అందుకు చాలా తక్కువ విద్యుత్తు సరిపోతుంది. స్ట్రోక్ దెబ్బతీసేది మెదడును. వెన్నుపాము నుంచి చేతికి వచ్చే నాడులు మిగిలే ఉంటాయి కాబట్టే ఇది సాధ్యం.

అయితే వేళ్లు కదలడం వేరు, మనిషి తన వేళ్లను కదపడం వేరు. మన దగ్గర ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటే తరచూ ప్యాడ్లు అంటించుకుని గోడ గడియారం చూస్తూ పడుకోవడమే. మార్చుకోవలసింది ఈ అలవాటునే.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు 80 మందిపై 12 వారాలు జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఒక జట్టుకు యంత్రమే నిర్ణీత వేళల్లో కరెంటు ఇచ్చింది. రెండో జట్టు బాగున్న చేతికి సెన్సర్ల గ్లవ్ తొడిగారు. ఆ చేతిని తెరిచినంత మేరకే బలహీనమైన చేతికి కరెంటు అందుతుంది. చికిత్స ముగిసిన ఆరు నెలలకు, నిమిషంలో చిన్న దిమ్మెలను అటు నుంచి ఇటు మార్చే పరీక్షలో గ్లవ్ జట్టు సగటున 4.6 దిమ్మెలు మెరుగుపడింది, మొదటి జట్టు 1.8. అద్భుతమేమీ కాదు; మరికొన్ని కొలతల్లో తేడాయే కనబడలేదు. కానీ స్ట్రోక్ వచ్చి రెండేళ్లు దాటక, చేతిలో ఓ మోస్తరు కదలిక మిగిలినవారికి మేలు ఎక్కువగా జరిగింది.

ఆ పరీక్షలో వారానికి 10 విడతల సాధన ఇంట్లోనే సాగిందన్నది గమనించాలి. డుమస్ నుంచైనా, సిరిసిల్ల నుంచైనా కూలి మానుకుని రోజూ ఆసుపత్రికి తిరగడం ఎవరి వల్లా కాదు. కాబట్టి డిశ్చార్జి నాడే అర్హులైనవారికి చిన్న యంత్రం అద్దెకైనా ఇవ్వాలి; ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో ఇంట్లో ఒకరికి నేర్పాలి. సూరత్‌లోనైతే ఆ సూచనల కాగితం తెలుగులోనూ ఉండాలి. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు. మిగతావారు ఫిజియోథెరపిస్టును ముందుగా అడగవలసింది ఒక్కటే: “కరెంటు వచ్చే ఆ కొన్ని సెకన్లూ నేనేం చేయాలి?”