అధికారిని ఎరుగని పాఠ్యప్రణాళిక

మన శాస్త్రగ్రంథాలు నాలుగు అంశాలను చెప్పి కాని ముందుకు సాగవు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే ఈ నాలుగింటిని అనుబంధచతుష్టయం అంటారని ప్రాచ్యకళాశాలలో తొలి సంవత్సరం విద్యార్థికి సైతం తెలిసినదే. ఇక్కడ అధికారి అంటే కార్యాలయంలో సంతకాలు చేసే వ్యక్తి కాడు. ఆ గ్రంథాన్ని చదువగోరేవాడు, చదువదగినవాడు. అతనికి అప్పటికే తెలిసినది ఎంత, అతడు కోరుతున్నది ఏమి అని నిర్ణయించుకొన్న తరువాతనే గ్రంథకర్త కలం పట్టేవాడు. అట్టి సంప్రదాయానికి వారసులమైన మనం నేడు భాషాబోధనకు పాఠ్యప్రణాళికలను, పండితులకు శిక్షణ తరగతులను రూపొందించేటప్పుడు మొదటి మూడింటితో సరిపెట్టుకొని నాల్గవదానిని విస్మరిస్తున్నాము. పాఠ్యాంశాలను నిర్ణయించేది మాత్రం ఆ రెండవ అర్థంలోని అధికారియే కావడం విచిత్రం. ఆధునిక విద్యాశాస్త్రం 'అవసర విశ్లేషణ' అనే పేరుతో ఈ నాల్గవ ప్రశ్ననే అడుగుతుండగా, అది విదేశీయమని కొందరు, వ్యాపారదృష్టి అని మరికొందరు దానిని దూరంగా ఉంచుతున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ పునఃపరిశీలింపదగినవని నా మనవి.

ఈ ఆలోచన నాకు గ్రంథపఠనం వలన కలిగినది కాదు. కొన్ని సంవత్సరాల క్రితం నిడమనూరు పరిసరాలలోని తెలుగు ఉపాధ్యాయులకు జరిగిన ఒక పునశ్చరణ తరగతిలో నాకు రెండు ప్రసంగాలు అప్పగించారు. మొదటిదానిలో యతిభేదాలను, రెండవదానిలో ద్రుతసంధులను సోదాహరణంగా వివరించాను. సభ్యులు శ్రద్ధగా వ్రాసుకొన్నారు. ప్రసంగం బాగా సాగిందని నాకు తృప్తి కూడ కలిగినది. తేనీటి విరామంలో ఒక ఉపాధ్యాయిని వచ్చి, తమ ఆరవ తరగతిలో సగానికి మించి తండాల పిల్లలే ఉన్నారని, వారు పాఠాన్ని గడగడ చదువుతారు కాని చదివినదేమిటో చెప్పలేకపోతున్నారని, దీనికి ఏమి చేయవలెనని అడిగినది. 'అభ్యాసం చేయించండి' అన్నాను. ఆమె వినయంగా తల ఊపి వెళ్లినది. ఆమె అడిగినది ఒకటి, నేను మోసుకొనిపోయినది మరొకటి. ఆ శిక్షణకు ముందు ఎవరూ ఆమెను ఏమి కావలెనని అడగలేదు. ఎవరూ అనడంలో నేనూ ఉన్నాను.

నిడమనూరు ప్రాంతాన్ని ఎరుగని పాఠకుల కోసం కొంత చెప్పవలసి ఉన్నది. ఇది నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు సీమ. 1967లో సాగరు కాలువలకు నీరు వదిలిన తరువాత మెట్టభూములు మాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైనది. ఆ మిల్లులలో బరువులెత్తడానికి బీహారు మొదలైన రాష్ట్రాల నుంచి కూలీలు వస్తున్నారు. ఇటు హాలియా నుంచి అటు త్రిపురారం దాక పల్లెల నడుమ తండాలు ఉన్నవి. తండాలోని బిడ్డ ఇంట్లో మాట్లాడేది లంబాడి. అది తెలుగు వలె ద్రావిడభాష కాదు, రాజస్థానీ మొదలైన వాటికి చుట్టమైన ఇండో ఆర్యభాష. వీధిలో, సంతలో ఆ బిడ్డ వినేది నల్లగొండ తెలుగు. వాచకంలో చూసేది ఆధునిక ప్రమాణభాష, పద్యభాగానికి వస్తే ప్రాచీన కావ్యభాష. ఇన్ని మెట్లు ఉన్న చోట మనం అన్నిటికంటె పైమెట్టు మీద నిలిచి పాఠం చెప్పుతున్నాము.

ఇక్కడ వ్యాకరణ పండితులకు ఒక చిన్న ఉదాహరణ చూపుతాను. తెలుగులో లింగవ్యవస్థ అర్థాన్ని అనుసరిస్తుంది. మహత్తు, మహతి, అమహత్తు అనే చిన్నయసూరి విభాగాన్ని మనమందరం కంఠస్థం చేసినవారమే. ఏకవచనంలో 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అని స్త్రీకి, జడవస్తువుకు ఒకే క్రియారూపం వాడుతాము. బహువచనంలో స్త్రీలు పురుషులతో కలిసి 'వచ్చారు' అవుతారు. లంబాడిలో, హిందీలో వలెనే, ప్రాణం లేని వస్తువులకు కూడ పుంస్త్రీభేదం ఉంటుంది. ఒక లింగవ్యవస్థలో పెరిగిన బిడ్డ మరొక లింగవ్యవస్థలోకి వచ్చేటప్పుడు ఎక్కడ తడబడుతుంది, ఎక్కడ తడబడదు? ఊహించి చెప్పరాదు. పిల్లల నోటుపుస్తకాలు తెరిచి చూసి లెక్క తీయవలెను. ఈ పని చేయగల శాస్త్రపరిజ్ఞానం ఈ జిల్లాలో ఎవరికైనా ఉంటే అది ప్రాచ్యకళాశాలలలో చదివిన పండితులకే ఉన్నది. పరీక్షలో పది మార్కుల కోసం చదివిన మహదమహద్వివేచనకు ఇంతకంటె మంచి వినియోగం నాకు తోచడం లేదు.

అవసర విశ్లేషణ విదేశీయమనే ఆక్షేపానికి చరిత్రయే సమాధానం చెప్పుతున్నది. భాషాబోధనలో ఈ దృష్టిని తొలిగా ప్రవేశపెట్టినవారిలో ఒకడైన మైకేల్ వెస్ట్ ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన ఆంగ్లేయుడు. బెంగాలులోని ద్విభాషాస్థితిని గురించి అతడు వ్రాసిన గ్రంథం 1926లో వెలువడినది. బెంగాలీ బాలునికి ఇంగ్లీషు దేనికి కావలెను అని అతడు ప్రశ్నించుకొని, మాట్లాడటం కంటె చదవటమే వారికి ముందు కావలసినదని నిర్ణయించాడు. ఆ నిర్ణయంతో అందరూ ఏకీభవించనక్కరలేదు. కాని అతడు లేవదీసిన మరొక ప్రశ్న నేటికీ పాతబడలేదు. బీమా పాలసీని మధ్యలో మానుకొన్నవారికి చేతికి వచ్చే సొమ్మును సరెండర్ విలువ అంటారు. చదువుకు కూడ అట్టి విలువను చూడవలెనన్నాడు వెస్ట్. పదేండ్ల చదువును ఉద్దేశించి కట్టిన పాఠ్యప్రణాళికలో, నాలుగేండ్లకే బడి మానిన బిడ్డ చేతిలో మిగిలేది ఏమి? కూలికి పోయే తల్లిదండ్రుల వెంట మధ్యలోనే బడి విడిచిన బాలికకు తెలుగు వాచకం ఇచ్చినది ఏమి? వర్ణమాల, నాలుగు శతకపద్యాలు, అర్థం తెలియని ఒక స్తోత్రం అయితే, పునాది కట్టి గోడలు లేపక విడిచినట్లే కదా. రేషను కార్డు మీది పేరు, బస్సు మీది ఊరు, మందుసీసా మీది సూచన చదువగలిగితే, చదువు ఆగినచోటనైనా కొంత మిగిలినట్లు.

అంతకు ముందే మన భాషకే సంబంధించిన ఉదాహరణ ఒకటి ఉన్నది. సి.పి. బ్రౌన్ అనగానే మనకు నిఘంటువు, వేమన పద్యాలు గుర్తుకు వస్తవి. ఆయన 1852లో ప్రకటించిన 'తెలుగు రీడర్'ను గురించి మన పాఠ్యప్రణాళికలలో ప్రస్తావన అరుదు. అందులో ఉన్నవి కావ్యభాగాలు కావు. సొంత జాబులు, వ్యవహారపు జాబులు, పోలీసు కాగితాలు, రెవెన్యూ కాగితాలు. తెలుగు నేర్చుకొనవలసిన కంపెనీ ఉద్యోగి మరునాడు తన బల్ల మీద చూడబోయే కాగితాలు ఏవో ఎరిగి, వాటినే పాఠాలుగా కూర్చాడు. కావ్యాల మీద ఆయనకు ప్రీతి లేక కాదు. ఎన్ని తాటాకు ప్రతులను సేకరింపజేశాడో మనకు తెలుసు. ఆ పాఠకుని అవసరం వేరని గుర్తించాడు. పాలకుని అవసరానికి జరిగిన పని అది అనే ఆక్షేపం న్యాయమే. అయితే అదే పద్ధతిని అణగారినవారి కోసం వినియోగించినవారు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉండి ఆయన ముందుగా తాము సవరభాష నేర్చుకొన్నారు, ఆ తరువాతనే సవర పిల్లలకు వారి భాషలో పుస్తకాలు వ్రాశారు, బడి నడిపారు. సవరభాషను గురించిన ఆయన వ్యాకరణగ్రంథం 1931లో అచ్చయినది. వ్యావహారికభాషా వాదిగా రామమూర్తిగారిని తలచుకొన్నంతగా, శిష్యుని ముందు తాను శిష్యుడైన గురువుగా మనం ఆయనను తలచుకొనడం లేదు.

ఇటీవలి సిద్ధాంతకారుల మాట కొద్దిగా చెప్పి ముందుకు సాగుతాను. జాన్ మన్బీ 1978లో అభ్యాసకుని సన్నివేశాన్ని అతి సూక్ష్మంగా విభజించే పద్ధతిని ప్రతిపాదించాడు; అందులో అభ్యాసకుని గురించి సర్వం ఉన్నది కాని అభ్యాసకుని మాట లేదని విమర్శ వచ్చినది. 1987లో హచిన్సన్, వాటర్స్ అనేవారు అవసరాన్ని మూడుగా విడదీశారు: పనికి తప్పనిసరిగా కావలసినది, అభ్యాసకునిలో కొరవడినది, అభ్యాసకుడు కోరుకొనేది. ఈ మూడూ ఒకటి కావడం అరుదు. నిడమనూరు ఉపాధ్యాయిని విషయమే చూడండి. విద్యాశాఖకు కావలసినది శిక్షణ దినాల సంఖ్య. ఆమె తరగతికి కావలసినది రెండవ భాషగా తెలుగు నేర్పే విధానం. తండాలోని తల్లిదండ్రులను అడిగితే ఇంగ్లీషు అంటారు. ఎవరి కోరికను అవసరమని పిలువవలెను? అందరినీ అడిగి ఎక్కువమంది చెప్పినదాన్ని పాఠ్యాంశం చేయడం విశ్లేషణ కాదు, ఓట్ల లెక్కింపు.

ఈ భేదాన్ని మన ప్రభుత్వం గుర్తించలేదని చెప్పజాలము. తెలంగాణ పాఠశాలలన్నిటిలో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చినది. 2025 ఫిబ్రవరిలో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ మొదలైన బోర్డుల పాఠశాలల 9, 10 తరగతులకు 'సింగిడి' అనే ప్రామాణిక వాచకానికి బదులు 'వెన్నెల' అనే సరళ వాచకాన్ని వాడుకొనవచ్చునని నిర్ణయించారు. మాతృభాష తెలుగు కాని పిల్లలకు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారికి ఇది మేలు చేయగలదు. నేను ఆ నిర్ణయాన్ని కాదనను. అయితే హైదరాబాదులోని బహుళ అంతస్తుల బడిలో చదివే పరభాషా బాలుని అవసరం కంటికి ఆనినప్పుడు, తరతరాలుగా ఇక్కడే ఉన్న తండా బిడ్డ అవసరం ఎందుకు ఆనలేదు? ఆ బిడ్డకూ మాతృభాష తెలుగు కాదు. వీధిలో తెలుగు మాట్లాడగలగడం వలన తెలుగు వచ్చునని మనం అనుకొంటున్నాము. మాట్లాడే తెలుగు వేరు, చదివి అర్థం చేసుకొనే తెలుగు వేరు. అడిగేవారు ఉన్నచోట అవసరం కనిపిస్తుంది, అడుగలేనిచోట దానిని వెదకిపట్టుకొనవలసి ఉంటుంది.

పరిపాలనాభాషా శిక్షణలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. 1966లో అధికారభాషా చట్టం, 1974లో అధికారభాషా సంఘం వచ్చినవి. పారిభాషిక పదాలు విరివిగా తయారైనవి. కాని ఈ సీమలో రైతు తహసీలు కార్యాలయానికి తెచ్చే అర్జీలో పహాణీ, విరాసత్, సాదాబైనామా, తరీ, ఖుష్కీ అనే మాటలే ఉంటవి. నిజాము కాలపు ఉర్దూ దస్త్రాల నుంచి దిగివచ్చిన ఆ పదాలు, 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినా జనవ్యవహారంలో నిలిచియే ఉన్నవి. ఉద్యోగికి అనువాదపదాల పట్టిక కంఠస్థం చేయించేముందు వంద అర్జీలు సేకరించి చదివితే శిక్షణ స్వరూపమే మారిపోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు మాండలిక వృత్తిపదకోశాలు వెలువడినవి. పండితులు పొలానికి, మగ్గానికి వెళ్లి అడిగితే ఎంత సంపద దొరుకుతుందో అవి రుజువు చేసినవి.

ఇక రెండవ ఆక్షేపం. అవసరం అనే తలుపు తెరిస్తే మొదట బయటికి పోయేవి కావ్యం, వ్యాకరణం, సంస్కృతం అని మన సహాధ్యాపకుల భయం. ఈ భయం నిరాధారం కాదు. ప్రయోజనమంటే ఉద్యోగమే అని తీర్మానించుకొన్నవారి చేతిలో ఈ విశ్లేషణ గొడ్డలి కాగలదు. మన కళాశాలల తరగతి గదులలో బల్లలు ఖాళీ అవుతున్న కాలంలో ఈ మాట తేలికగా అనరాదు. కాని ఈ సంకటం మనకే కొత్తగా వచ్చినది కాదు. పతంజలి మహాభాష్యం పస్పశాహ్నికంలో రక్ష, ఊహ, ఆగమం, లాఘవం, అసందేహం అని వ్యాకరణ ప్రయోజనాలు ఐదింటిని చెప్పినది ఏ సందర్భంలోనో గుర్తుకు తెచ్చుకొందము. పూర్వం ఉపనయనం కాగానే వ్యాకరణం చదివేవారని, తన కాలంలో విద్యార్థులు తొందరపడి వేదం ముగించి వ్యాకరణం అనర్థకమని అంటున్నారని ఆయనయే చెప్పుతాడు. అట్టి శిష్యులపై ఆయన ఆగ్రహించలేదు, ప్రయోజనాలను విడమరచి చూపాడు. 'ఇది ఎందుకు' అని అడిగే శిష్యుని పాణినీయులు రెండువేల ఏండ్లకు పైగా ఎదుర్కొంటూ వచ్చారు. మనం మాత్రం ఆ ప్రశ్నను అవినయంగా భావిస్తున్నాము.

పైగా, సక్రమంగా పరిశీలిస్తే కావ్యానికి కూడ అధికారులు లభిస్తారు. ఒక తండాలో పిల్లల చదువు గురించి అడుగుతూ తిరిగినప్పుడు ఒక వృద్ధుడు, తన మనుమడు అర్జీ వ్రాయగలిగితే చాలునని అనలేదు. భారతం చదివి వినిపించగలిగితే తనకు ఇష్టమన్నాడు. ఒక్కరి మాటతో సిద్ధాంతం చేయరాదు కాని, బీదవానికి అవసరాలే తప్ప అభిరుచులు ఉండవని ఇంట్లో కూర్చుండి నిర్ణయించేవారికి ఆ మాట చాలు.

చేయదగిన పనికి పెద్ద నిధులు అక్కరలేదు. పండితశిక్షణకు వచ్చే ప్రతి అభ్యర్థి తాను బోధించబోయే ప్రాంతంలోని పదిమంది పిల్లల నోటుపుస్తకాలు తేవలెను. వారానికి ఒక పూట వాటిని పరిశీలించి తప్పులను వర్గీకరించవలెను. అందులో మాండలికం ఏది, మాతృభాషా ప్రభావం ఏది, కేవలం అజాగ్రత్త ఏది అని వేరుచేయవలెను. నల్లగొండ మాండలికపు రూపాన్ని తప్పుగా ఎర్రసిరాతో కొట్టివేసే అలవాటు ఆ వర్గీకరణతోనే తగ్గిపోతుంది. బి.ఓ.ఎల్. చివరి సంవత్సరంలో ఒక పత్రాన్ని స్థానిక భాషాపరిశీలనకు కేటాయించవచ్చును. వేసవి పునశ్చరణ తరగతుల పట్టికను తయారుచేసేది శిక్షణకు నెల ముందు ఉపాధ్యాయుల నుంచి వచ్చిన ప్రశ్నలు కావలెను, ప్రసంగకర్తకు సిద్ధంగా ఉన్న కాగితాలు కాదు. ఈ చివరి నియమం నావంటి ప్రసంగకర్తలకు కొంత ఇబ్బంది కలిగిస్తుంది.

నాకు తిరిగి అట్టి ఆహ్వానం వచ్చినప్పుడు నోటుపుస్తకాలు తెమ్మని ముందుగా కోరాను. కొందరే తెచ్చారు. యతిభేదాల ప్రసంగం ఆ ఏడు జరగలేదు. రెండు గంటలు మేము ఒక్క పుస్తకంలోని మూడు పుటలే చదివాము. 'వచ్చింది', 'వచ్చాడు'ల దగ్గర ఆగి ఈ బిడ్డ ఇట్లా ఎందుకు వ్రాసినదని వాదించుకొన్నాము, కారణం తేలలేదు. లంబాడి తెలిసిన ఒక యువ ఉపాధ్యాయుడు మాత్రం తన భాషలో ఆ వాక్యం ఎట్లా ఉంటుందో నల్లబల్ల మీద తెలుగులిపిలో వ్రాసి చూపాడు. అది చూసి వ్రాసుకొన్నవారిలో నేనూ ఒకడిని.